కంచె ఒకచోట, తోట ఒకచోట

కిందటి వారం మనం బురద దగ్గర ఆగాం. "తెర్నా" ఓడ మీంచి దింపిన కెమెరా సముద్రం అడుగుకి చేరింది. తీరమంతా ఇంగున్ తోట అని పిలుచుకునే పగడాల దిబ్బ ఉండాల్సిన చోట, తెర మీద బూడిదరంగు బురద తప్ప ఏమీ కనిపించలేదు. ఒక పీత మాత్రం అటునుంచి ఇటు నింపాదిగా నడిచి వెళ్లింది. మా గుండెలు జారిపోయిన సంగతి దానికేం పట్టింది?

ఇవాళే మొదటిసారి చదువుతున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు. నా పేరు సిన్నోవె. సముద్రం అడుగున ఏవేం బతుకుతున్నాయో చూసి పటం గీయడం నా ఉద్యోగం. నార్వే ఉత్తర తీరంలో పుట్టాను. మా అన్నయ్య ఐవిన్ ఇదే నీళ్లలో ట్రాలర్ పడవ నడుపుతూ, సముద్రం నేలని రాసుకుంటూ పోయే అడుగు వల లాగుతాడు. ఇంగున్ తోట చుట్టూ ప్రభుత్వం ఒక గీత గీసింది. ఆ గీత లోపల అడుగు వల లాగకూడదు. ఆ గీత ఉంచాలా చెరిపేయాలా అన్నది వచ్చే వారం ఊళ్లో జరిగే సమావేశంలో తేలుతుంది. పగడం అక్కడ బతికే ఉందని చూపించడానికే మా ఓడ వచ్చింది. సాయంత్రానికి గాలి మారుతుంది, రేవుకి వెళ్లిపోవాలి. బురద బొమ్మ పట్టుకుని వెళితే గీత చెరిగిపోతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఇంగున్ తోటని ఇంతవరకూ ఎవరూ కళ్లతో చూడలేదు. చాలా ఏళ్ల క్రితం, ప్రభుత్వం కోసం సముద్రపు పటాలు గీసిన మా హాల్వార్ బాబాయి దాన్ని సోనార్‌తో, అంటే అడుగుకి శబ్దం పంపి దాని ప్రతిధ్వనితో, పట్టుకున్నాడు. గాలాలకి చిక్కుకుని పైకొచ్చిన తెల్లటి కొమ్మలే దానికి సాక్ష్యం. అలాంటి కొమ్మ ఒకటి బాబాయి వాళ్లింటి కిటికీలో ఉండేది. చిన్నప్పుడు నేను దాన్ని చెవికి ఆనించుకుని వినేదాన్ని. ఏమీ వినిపించేది కాదు. అయినా రాత్రి నిద్రలో ఆ కొమ్మ చెట్టయ్యేది, చెట్టు అడవయ్యేది, ఆ అడవిలో నేను ఊపిరి అక్కర్లేకుండా తిరిగేదాన్ని. ఆ కలే నన్ను ఈ ఉద్యోగంలోకి లాక్కొచ్చిందని నా నమ్మకం.

మళ్లీ ఓడలోకి వద్దాం. చీకటి గది, వెలిగే తెర. కెమెరా తాడుని దింపి ఎత్తే వించ్ తిప్పే తోర్‌గైర్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

"అయిపోయింది డాక్టరమ్మా," అన్నాడు. "నున్నగా దున్నేశారు. మీ అన్నలాంటి మహానుభావులు ఉండగా పగడం మిగులుతుందా?"

"మా అన్నయ్య గీత దాటడు."

"అవునవును. పిల్లి పాలగిన్నె వైపు చూడనే చూడదు."

మామూలుగా అయితే గట్టిగా బదులిచ్చేదాన్ని. కానీ నా కళ్లు తెరనే పట్టుకుని ఉన్నాయి. మా పనిలో ఒక నియమం ఉంది. తెర ముందు కుర్చీలో కూర్చున్న మనిషి కనిపించినదల్లా పైకి చెప్పాలి. చేపైనా, పురుగైనా, ఎవరో విసిరేసిన బీరు సీసా అయినా సరే. ఆ మాటలు బొమ్మతో పాటే రికార్డవుతాయి. అందుకని చెబుతూనే ఉన్నాను. "బురద. సముద్రపు ఈకలు, రెండు. పీత. బురద. బురద." చెప్పగా చెప్పగా నా నోట్లోంచి రాని మాట ఒకటి నాకే వినిపించింది. ఎముకలు. ఎముకలేవీ?

పగడం చచ్చిపోయినా దాని ఎముకలు పోవు. మంచుయుగం కరిగిన కొత్తలో మొదలైన దిబ్బ అది. పాత ఎముకల మీద కొత్త పగడం పెరుగుతూ, కొండలా లేస్తుంది. వల తగిలితే విరుగుతుంది, నిజమే. విరిగిన ముక్కలు మాత్రం అక్కడే పడి ఉంటాయి. పెళ్లి జరిగిన ఇంట్లో ఎంగిలి పళ్లేలైనా ఉండాలి కదా. ఒక్క పళ్లెం కూడా లేదంటే ఆ ఇంట్లో పెళ్లే జరగలేదన్నమాట.

కుర్చీ తోర్‌గైర్‌కి అప్పజెప్పి బయటికొచ్చాను.

బయట పొగమంచు. ఇలాంటి వేసవి మధ్యాహ్నాల్లో వెలుగు ఉంటుంది కానీ సూర్యుడు ఉండడు. నీళ్లకీ ఆకాశానికీ మధ్య ఉండే అంచుని ఎవరో తడిచేత్తో తుడిచేసినట్టుంది. ఓడ నీళ్ల మీద తేలుతోందో మబ్బులో వేలాడుతోందో చెప్పడం కష్టం. ఇంజన్ చప్పుడు కూడా పక్కింట్లోంచి వస్తున్నట్టు మెత్తగా వినిపిస్తోంది. అలాంటి పూట ఎవరు ఏం చెప్పినా కలలో చెప్పినట్టే ఉంటుంది.

హాల్వార్ బాబాయి ఓడ వెనక భాగంలో చుట్టగా పేర్చిన తాడు మీద కూర్చుని ఉన్నాడు. రిటైరై కొన్నేళ్లయింది. ఇదే ఆఖరి ప్రయాణమని అందరినీ బతిమాలి మాతో వచ్చాడు. ఒళ్లో పళ్లెం, పళ్లెంలో వాఫుల్, దాని మీద గోధుమరంగు చీజ్ ముక్క. తినడం లేదు.

"బురదేనా?" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

నా కాళ్లు ఆగిపోయాయి. నేనింకా నోరు విప్పనే లేదు.

"నీకెలా తెలుసు?"

"నీ నడక చెప్పింది. పగడం కనిపించుంటే పరిగెత్తుకుంటూ వచ్చేదానివి."

"అబద్ధం. ఇటు తిరిగి చెప్పు బాబాయ్."

తిరిగాడు. ఆ ముఖం చూస్తే నాకు భయం వేసింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ సముద్రం గురించి ఏం అడిగినా నవ్వుతూ చెప్పిన ముఖం అది. ఇప్పుడు అందులో నవ్వు లేదు.

"కూర్చోమ్మా. వాఫుల్ తిను, చల్లారిపోతోంది."

"వాఫుల్ సముద్రంలో పారెయ్. కింద ఒక్క ఎముక లేదు. వలలు విరగ్గొట్టి ఉంటే ముక్కలుండాలి. ముక్కల్లేవు. అంటే అక్కడ పగడం ఎప్పుడూ లేదు. నీ పటంలో ఉన్న తోట నీ పటంలో తప్ప ఎక్కడా లేదా? ఉంటే ఎక్కడుంది?"

ఒక సీగల్ వచ్చి కమ్మీ మీద వాలి, వాఫుల్ వైపు ఆశగా చూసింది. బాబాయి దానికి ఒక ముక్క విసిరాడు.

"మా అమ్మాయి ఇంగున్ పుట్టిన రోజు," అన్నాడు. "రేడియోలో కబురొచ్చింది. ఆడపిల్ల, తల్లీబిడ్డా బావున్నారు అని. ఓడంతా ఒకటే గోల. వంటాయన కేకు చేస్తానని గుడ్లన్నీ పగలగొట్టేశాడు. సరిగ్గా అప్పుడే మన చేప ఆ దిబ్బని పట్టుకుంది. కాగితం మీద నల్లగా, గుబురుగా, గుత్తులు గుత్తులుగా వస్తోంది. చూస్తూ కూర్చున్నా. ఒకే రోజు రెండు సంతోషాలు తట్టుకోవడం నావల్ల కాలేదు సిన్నోవె."

చేప అంటే నిజం చేప కాదు. ఆ రోజుల్లో సోనార్ యంత్రాన్ని పొడుగాటి తాడు చివర కట్టి ఓడ వెనక లాగేవాళ్లు. దాన్ని మావాళ్లు చేప అనేవారు. అడుగుని చూసేది చేప. లెక్కలో పడేది మాత్రం ఓడ ఉన్న చోటు. ఎక్కడో వెనక ఉన్న చేప చూసిందంతా ఓడ కిందే ఉన్నట్టు పటంలో పడుతుంది. అందుకని ఎంత తాడు వదిలామో ఓడ తిరిగిన ప్రతి వరుసకీ చేత్తో లెక్క వేసి, బొమ్మని అంత వెనక్కి జరపాలి. మా వృత్తిలో మొదటి రోజు నేర్పే పాఠమే అది. నాకు నేర్పింది ఈయనే.

"తాడు లెక్క," అన్నాను.

"సున్నా ఉండిపోయింది."

"ఒక్క వరుసకేనా?"

"ఆ ఒక్క వరుసకే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నిజం చెబితే ఏడుపే వచ్చింది. చేను ఒకచోట, కంచె ఒకచోట. ఇన్నేళ్లుగా దేశమంతా కలిసి బురదకి కాపలా కాస్తోంది.

"నీకు ఎప్పుడు తెలిసింది?" అని అడిగాను. ఇవాళే తెలిసిందని అంటాడని ఆశ. అలా అని ఉంటే క్షణంలో క్షమించేదాన్ని.

"రిటైరయ్యే ముందు. పాత వరుసల బొమ్మలన్నీ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నా. ఒకే బండరాయి రెండు చోట్ల ఉంది. రాళ్లు నడవవు కదా."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమయ్యేదో చెప్పనా?" అప్పుడు గొంతు లేచింది. "ఈ తీరంలో ఉన్న గీతల్లో సగానికి పైగా నేను గీసినవే. ఆ గీతల వెనక ఎన్ని దిబ్బలు, ఎన్ని స్పాంజి మైదానాలు హాయిగా బతుకుతున్నాయో నీకు తెలుసు. ట్రాలర్ల సంఘం వాళ్లు ఒక్క తప్పు దొరికితే చాలని కాచుకుని కూర్చున్నారు. స్వెటర్‌లో ఒక పోగు లాగి చూడు, మొత్తం ఊడి చేతికొస్తుంది. ఒక్క తోట కోసం అన్ని తోటలూ వదులుకోమంటావా?"

"అని నీకు నువ్వు చెప్పుకున్నావు."

"అలాగే చెప్పుకున్నా." తల దించుకున్నాడు. "సిగ్గు కూడా ఉందిలే. కన్నబిడ్డ పేరు పెట్టాను కదా. ఆ బిడ్డ చూస్తే డెంటిస్టు అయింది. చేప వాసనంటే గిట్టదు. తోట గురించి ఒక్కనాడూ అడగలేదు. అయినా సరే, ఆ పేరు తప్పు చోట ఉందని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ఆయన మాటలో నిజం ఉంది. అదే నన్ను ఎక్కువ మండించింది. పూర్తిగా తప్పు మాటైతే కొట్టిపారేయొచ్చు. సగం నిజం గొంతులో ముల్లులా ఇరుక్కుంటుంది, మింగలేం, కక్కలేం. ఆయన మీద కోపం, ఆయన మీద జాలి, రెండూ కలిసి నా కళ్లలోంచి కారుతున్నాయి. పొగమంచు తడేనని సర్దిచెప్పుకోవడానికి కూడా ఓపిక లేదు.

"ఆ రోజు ఓడ ఏ దిక్కుకి వెళ్తోంది?" అని అడిగాను.

"ఉత్తరానికి."

ఓడ ఉత్తరానికి వెళుతుంటే చేప దక్షిణాన ఉంటుంది. అంటే తోట గీతకి దక్షిణంగా, గీత బయట ఉంది. గీతకి దక్షిణంగా ఎవరు వల లాగుతారో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరం ఆ పేరు ఎత్తలేదు.

కెప్టెన్ ఓస్‌హిల్ దగ్గరికి వెళ్లి, దక్షిణాన ఇంకొక్కసారి కెమెరా దింపాలి అన్నాను. ఎందుకో చెప్పలేదు. ఆవిడ నా కళ్లు చూసింది. నా వెనక టోపీ నలుపుతూ నిలబడ్డ ముసలాయన్ని చూసింది. ఎందుకని అడగలేదు.

"గాలి మారేలోగా ఒక్కసారి," అంది. "ఒక్కసారే. కింద మీకు బంగారు గని దొరికినా సరే, నేను లాగమన్నప్పుడు లాగేస్తారు."

ఓడ కదిలింది. పొగమంచులో కదిలినట్టు కూడా తెలియలేదు. కొంతసేపటికి ఇంజన్ తగ్గింది. తోర్‌గైర్ వించ్ దగ్గరికి వెళ్లాడు, నేను కుర్చీలో కూర్చున్నాను. హాల్వార్ బాబాయి నా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

కెమెరా దిగుతున్నంతసేపూ తెర మీద మంచు కురుస్తుంది. పైన బతికి చచ్చిన చిన్నచిన్న ప్రాణుల పొడి అంతా నీళ్లలో మెల్లగా రాలుతూ ఉంటుంది. ఆ మంచులోంచి మనం కిందికి జారుతున్నామో, మంచే పైకి లేస్తోందో కాసేపటికి తేడా తెలియదు. నాకు ఎప్పుడూ అక్కడే కునుకు పట్టినట్టవుతుంది. మెలకువలోనే కలలోకి జారినట్టు ఉంటుంది. పగటి వెలుగు పైన ఎక్కడో ఆగిపోయింది. ఇక ఉన్నదంతా మా దీపాల వెలుతురే.

అడుగు కనిపించింది. బురద. బురద. తర్వాత తెల్లగా ఏదో.

"ముక్కలు," అన్నాను. "చచ్చిన పగడం. ముక్కలు. చాలా ముక్కలు."

ఎముకల్ని చూసి ఆనందంతో ఏడ్చేవాళ్లు లోకంలో మా పని చేసేవాళ్లు తప్ప ఇంకెవరూ ఉండరనుకుంటా. బాబాయి చెయ్యి వచ్చి నా కుర్చీ వీపుని పట్టుకుంది. ఆ ముక్కల మధ్య నుంచి ఒక చాలు కనిపించింది. నాగలి చాలులాగా తిన్నగా, లోతుగా.

చెప్పాలి కదా. "వల లాగిన చాలు," అన్నాను. "ఇంకొకటి. పక్కన ఇంకొకటి." అవి ఎవరి వల గీసిన చాళ్లో నా నోటితో చెప్పాల్సిన అవసరం లేదు. ఐవిన్ గీత బయటే లాగాడు. పటం చూసుకుని, నిజాయితీగా, ఒక్క అడుగు లోపలికి వేయకుండా ఇంగున్ తోటలో సగాన్ని నలిపేశాడు. అది మా అన్నయ్యకి తెలియదు.

ఆ తర్వాత నేల పైకి లేవడం మొదలుపెట్టింది. ఎముకల వాలు. వాలు మీద అక్కడక్కడా తెల్లటి మొగ్గలు. కెమెరా వాలు వెంట మెల్లగా పైకి ఎక్కింది, అంచు దాటింది.

నా మాట ఆగిపోయింది.

తెల్లటి గుబుర్లు. గులాబీరంగు గుబుర్లు. ఒకదాని మీద ఒకటి, ఒకదాని వెనక ఒకటి, మా వెలుతురు అందే చోటు దాటి చీకట్లోకి పోతున్నాయి. ప్రతి కొమ్మ చివరా చిన్న నోరు, నోటి చుట్టూ సన్నటి వేళ్లు. మంచు రాలుతుంటే ఆ వేళ్లు దాన్ని అందుకుంటున్నాయి. ఎర్రటి సముద్ర చెట్లు, అవీ పగడాలే, మనిషెత్తున చేతులు చాచి ఉన్నాయి. వాటికి బుట్టనక్షత్రాలనే ప్రాణులు చుట్టుకుని, తమ జడలు ప్రవాహంలోకి వదిలి ఊగుతున్నాయి. నారింజరంగు బియ్యపుగింజల పగడం ఎవరో ఇప్పుడే అన్నం వార్చి ఆరబోసినట్టుంది. కొమ్మల మధ్య ఎర్రచేపలు, పెద్ద పెద్ద కళ్లతో, రెక్కైనా కదపకుండా నిలబడి ఉన్నాయి. తొందర అన్నది అక్కడ ఇంకా పుట్టలేదు.

చిన్నప్పుడు కలలో తిరిగిన చోటికి వచ్చాను. అయితే కల ఇంత బావుండేది కాదు.

"పేర్లు చెప్పమ్మా," అన్నాడు బాబాయి గుసగుసగా. "రికార్డవుతోంది."

"కంటి పగడం," అన్నాను. ఆ తెల్లటి గుబుర్లకి మా భాషలో పేరు అది. "బతికున్నది. కంటి పగడం, బతికున్నది. సముద్ర చెట్టు. ఎర్రచేపలు..." అంకె చెప్పలేకపోయాను. "ఎర్రచేపలు, చాలా."

వెనక్కి తిరిగి చూశాను. ఆయన టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"ఇలా ఉంటుందా," అన్నాడు. "ఇన్నేళ్లూ ఇలా ఉందా."

అప్పుడు గోడ మీది స్పీకర్‌లోంచి కెప్టెన్ గొంతు వచ్చింది. "కింద ఉన్నవాళ్లూ, దక్షిణం నుంచి ట్రాలర్ ఒకటి వస్తోంది. వల నీళ్లలో ఉంది. తిన్నగా మన వైపే. సిన్నోవె, రేడియో తీసుకో. మీ అన్నయ్యే."

మా గదిలో రేడియో తలుపు పక్కన ఉంటుంది. చుట్టుపక్కల పడవలన్నీ చెవి వేసి ఉంచే చానెల్ అది. చేతిలోకి తీసుకున్నాను.

"ఏమే చెల్లీ!" ఐవిన్ గొంతు ఎప్పటిలాగే హుషారుగా ఉంది. "గీత దాటి నా పొలంలోకి వచ్చావేంటి? మీ దిక్సూచి తుప్పు పట్టిందా?"

"అన్నయ్యా, వల ఎత్తెయ్."

"ఏంటీ?"

"నీ ముందు పగడం ఉంది. బతికున్న పగడం. ఇప్పుడే, నా కళ్లముందే ఉంది. వల ఎత్తెయ్."

నవ్వాడు. "నా ముందు రాళ్లున్నాయే పిచ్చిమొహమా. పటంలో చూడు, రాళ్లని రాసుంది. ఆ అంచున వల చిరుగుతుందని నాన్న కూడా పోయేవాడు కాదు. ఈ ఏడాది నా కొత్త వలకి కింద రబ్బరు చక్రాలు వేయించాను కదా, రాళ్ల మీద కూడా దొర్లుకుంటూ పోతుంది. మీ కెమెరా తాడుకి తగలకుండా ఎడమ పక్కనుంచి పోతాలే. కంగారుపడకు."

ఎడమ పక్కకే తోట సాగి ఉంది. తెరలో గుబుర్లన్నీ ఆ వైపుకే పోతున్నాయి.

"ఐవిన్, నిన్ను బతిమాలుతున్నా."

అన్నయ్యా అనకుండా పేరు పెట్టి పిలిచేసరికి వాడి గొంతులో హుషారు పోయింది.

"చూడు సిన్నోవె. నా స్టీరింగ్ పక్కన గోడ మీద హాల్వార్ బాబాయి పటం ఉంది. పడవ కొన్న రోజు తగిలించా. అప్పటినుంచీ ఆ గీత మీద నా వల పడలేదు. పొగమంచులో కూడా పడలేదు. ఎవడు చూస్తాడురా అని పక్క పడవల వాళ్లు నవ్వేవారు. గీత అంటే గీతే అనేవాణ్ని. ఇప్పుడు గీత బయట కూడా లాగొద్దు అంటున్నావ్. మరి లోపల ఉన్నదేంటి? ఇవాళ నీ మాట మీద ఎత్తితే రేపు ఇంకెవడో వచ్చి ఇంకెక్కడో ఎత్తమంటాడు. ఆ ముసలాయన మీ ఓడలోనే ఉన్నాడుగా. ఆయన్ని చెప్పమను. గీత తప్పు అని ఆయన నోటితో అంటే ఎత్తేస్తా. నువ్వంటే మాత్రం ఎత్తను."

వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. వాడు అడిగింది న్యాయమే.

రేడియోని బాబాయి వైపు చాపాను.

"ఇది అందరూ వింటారు," అన్నాడు.

"వింటారు."

"సంఘం వాళ్లు కూడా. వచ్చే వారం సమావేశంలో ఇదే పట్టుకుంటారు. మిగతా గీతలన్నీ..."

"తెలుసు బాబాయ్."

నేను బతిమాలలేదు. బతిమాలడం నావల్ల కాలేదు, ఎందుకంటే ఆయన భయపడుతున్నది జరుగుతుందని నాకూ తెలుసు. ఆయన తెర వైపు చూశాడు. కెమెరా చిన్నగా ఊగింది. ఒక ఎర్రచేప కొమ్మ పక్కనుంచి కదిలి, మళ్లీ అదే కొమ్మ పక్కకి వచ్చి నిలబడింది.

ఆయన రేడియో తీసుకున్నాడు. బటన్ నొక్కి వదిలేశాడు. మళ్లీ నొక్కాడు.

"ఐవిన్. నేను హాల్వార్‌ని." గొంతు సర్దుకున్నాడు. "ఇంగున్ తోట నీ ముందుంది. గీత తప్పు. తాడు లెక్క వేయడం మర్చిపోయింది నేను. తర్వాత తెలుసుకుని కూడా దాచిపెట్టింది నేను. నువ్వు ఏ తప్పూ చేయలేదు నాయనా, నేను చూపించిన చోటే లాగావు. ఎత్తెయ్."

చానెల్‌లో ఎవరో, ఏ పడవో తెలియదు, చిన్నగా ఈల వేశారు. ఇంకో గొంతు అంది, "విన్నారుగా? పట్టుకోండి ఆ మాట. అన్నీ తప్పుడు గీతలే." బాబాయి కళ్లు మూసుకున్నాడు. కానీ రేడియో కింద పెట్టలేదు. ఆయన భుజం మీద చెయ్యి వేశాను. జీవితంలో ఆయన మీద నాకు అంత ప్రేమ ఎప్పుడూ కలగలేదు.

"విన్నాను," అన్నాడు ఐవిన్ చివరికి. గొంతు మారిపోయింది. "ఇన్నేళ్లూ నేను లాగింది... సరే. అది తర్వాత. ఎత్తుతున్నా."

రేడియోలోంచే వాడి వించ్ మూలుగు వినిపించింది. తోర్‌గైర్ ఎప్పుడు లోపలికి వచ్చాడో, తలుపు దగ్గర నిలబడి "భేష్" అన్నాడు. ఈసారి ఆ మాటలో వెటకారం లేదు.

కానీ ఐవిన్ ఇంకా మాట్లాడుతున్నాడు, గబగబా.

"సిన్నోవె, విను. వించ్ తిరుగుతోంది, కానీ వల ఇంకా నేల వదల్లేదు. ఇంత తాడు బయట ఉండగా ఒక్కసారిగా మలుపు తిప్పితే పడవ పక్కకి వాలిపోతుంది. లోపల మనుషులున్నారు. ఆపేస్తే వల అక్కడికక్కడే కూలబడుతుంది. నెమ్మదిగా లాగుతూ ఎత్తడం తప్ప దారి లేదు. నేను మీ పక్కకి వచ్చేశాను, వల నా వెనక ఎక్కడుందో నాకు కనపడదు. నీకే కనపడాలి. చూస్తున్నావా?"

"చూస్తున్నా."

తెర మీద ఎర్రచేపలన్నీ ఒక్కసారి ఒకే వైపుకి తలలు తిప్పాయి. అంతసేపూ రెక్క కదపనివి, కొమ్మల మధ్య నుంచి జారుకుని వెలుతురు దాటి వెళ్లిపోయాయి. బుట్టనక్షత్రాలు జడలు ముడుచుకున్నాయి. పగడం మాత్రం ఉన్నచోటే నోళ్లు తెరుచుకుని, రాలుతున్న మంచుని అందుకుంటూనే ఉంది.

తెర ఎడమ అంచున బురద పొగలా లేచింది.